పాప, వాన, బొమ్మల పుస్తకాలు: అమ్మకి ఉత్తరం

అమ్మా,

నువ్వు, నాయన ఎట్లుండారు? మేము ముగ్గురం బాగుండాము. ఆఫీసు పని ఎప్పుడూ ఉండేదే, దాని గురించి రాసేదానికి ఏం లేదు. మొన్న ఫోన్లో నువ్వు "బిడ్డని వానలో తిప్పతా ఉండారంట, జలుబు చేయదా" అని అడిగినావు కదా, అప్పుడు మీటింగులో ఉండి సరిగ్గా మాట్లాడేదానికి కాలేదు, అందుకే కూర్చుని రాస్తా ఉండా.

ఈడ స్కాట్లాండ్‌లో పాప పోయే నర్సరీలో వానొచ్చినా పిల్లోళ్ళని బయట ఆడిస్తారు. తల నుంచి కాళ్ళ దాకా తడవని సూటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేస్తారు, లోపల బట్ట రవ్వంత కూడా తడవదు. వాన నిలిచేదాకా ఇంట్లో పెట్టుకోవాలంటే ఎడిన్‌బరాలో ఏడాదంతా తలుపేసుకునే ఉండాల. నువ్వు బెంగ పెట్టుకోవద్దు.

పాపకి ఇప్పుడు బొమ్మల పుస్తకాల పిచ్చి పట్టుకునింది. లైబ్రరీ నుంచి సంచి నిండా తెస్తాము, అన్నీ వాన, గాలి, మంచు, మబ్బుల పుస్తకాలే. వాళ్ళ టీచర్ ఒకటి చెప్పింది, గడగడా చదివేసి మూసేయొద్దు, బొమ్మ దగ్గర ఆగి అడగండి అని. చెట్టు ఎటుపక్క వంగింది, గాలి ఎటునుంచి వస్తా ఉంది, ఈ పిల్లోడు చొక్కా మీద చొక్కా ఎందుకేసుకున్నాడు, ఇట్లా. ఆ తర్వాత కిటికీ దగ్గరికి తీసకపోయి ఈరోజు ఆకాశం ఏ పేజీలో ఉందో వెతకమనాల. ఇప్పుడు పొద్దున్నే లేస్తానే అదే పని. పేజీ వెతికి పెట్టి, ఏ కోటు వేసుకోవాలో అదే చెప్తాది, నేను చెప్పే పనే లేదు.

ఉరుములంటే శానా భయపడేది. ఈడ ఉరుములు తక్కువే, ఎండాకాలంలో ఎప్పుడో వస్తాయి, అప్పుడు నా ఒడి వదిలేది కాదు. ఒక పుస్తకంలో అమ్మ, బిడ్డ దుప్పట్లో కూర్చుని మెరుపు మెరిసినాక అంకెలు లెక్కపెడతా ఉంటారు. వెలుగు ముందొస్తాది, శబ్దం నిదానంగా వస్తాది, 3 సెకన్లకి సుమారు 1 కిలోమీటరు, అంకె పెరిగితే ఉరుము దూరం పోతా ఉన్నట్టు. అది అర్థమైనాక ఏడుపు తగ్గింది. నువ్వు మాకు అర్జునా ఫల్గుణా అని చెప్పిస్తా ఉండినావే, అది కూడా నేర్పించినా. ముందు అర్జునుడు, తర్వాత అంకెలు!

నాకు బాధ ఎక్కడంటే అమ్మా, ఈ పుస్తకాల్లో మన ఊరి ఆకాశం లేదు. అన్నిట్లో ఒకటే చెట్టు, పూలు పూస్తాది, పచ్చగా అవుతాది, ఆకులు రాలతాయి, మంచు పడతాది, అంతే. "అవ్వ ఇల్లు ఏ పేజీ?" అని అడిగింది. ఏం చూపించేది? ఎండ పేజీలో సూర్యుడు నవ్వతా ఉంటాడు, పిల్లోళ్ళు సముద్రం ఒడ్డున ఐస్‌క్రీం తింటా ఉంటారు, మన రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండ అదెట్లా అవుతాది? వాన పేజీలో పిల్లోడు దిగులుగా కిటికీ దగ్గర కూర్చోనుంటాడు. మనకి వానొస్తే మిద్దె మీదికి పరిగెత్తే వాళ్ళం కదా. అదీగాక మన అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే తిరుచానూరు బ్రహ్మోత్సవాలప్పుడు కూడా కురస్తానే ఉంటాది. ఆ నెలల్లో ఈడ ఆకులు రాలిపోయి, డిసెంబర్లో నాలుగు కాకముందే పొద్దు గుంకుతాది.

వరద బొమ్మ చూసి "అవ్వ మునిగిపోయిందా" అనింది. నాకు గుండె జారిపోయింది. 2021 నవంబర్లో మన తిరుపతికి వచ్చిన వరద గుర్తొచ్చింది, కపిలతీర్థం దగ్గర ఆ నీళ్ళు టీవీలో చూస్తా, మీ ఫోన్ కలవక. ఆ నెలాఖర్లోనే స్కాట్లాండ్‌కి ఆర్వెన్ తుఫాను వస్తే నువ్వు రాత్రంతా నిద్రపోలేదు. పేజీ తిప్పేయకుండా పాపకి ఉండేదుండినట్టు చెప్పినా, నీళ్ళు వీధిలోకి వచ్చినాయి, అవ్వ, తాత మిద్దెక్కినారు, నీళ్ళు పోయినాక దిగినారు అని. రెండుసార్లు అడిగి నిమ్మళపడింది.

అందుకే మన ఊరి పుస్తకం మేమే చేస్తా ఉండాము, నేను గీస్తా, అది రంగులేస్తాది. ఎండకి మట్టికుండ, తాటి ముంజలు, చలికి భోగి మంట గీసేసినా. వాన పేజీలకి నువ్వే కావాల. చీమలు గుడ్లు మోసకపోయేది, తూనీగలు కిందికి ఎగిరేది చూసి వానొస్తాదని నువ్వు చెప్పేదానివి కదా, ఇంకా ఏమేం చూసేదానివో వాట్సాప్‌లో నీ గొంతుతోనే చెప్పి పంపించు, దానికి నీ మాట వినాలనుంటాది. మబ్బు పట్టినప్పుడు మిద్దె మీద నుంచి కొండని ఫోటో తీయమను నాయన్ని, ఎండ కాసేటప్పుడు ఒకటి, అదే చోట నుంచి.

నాయన బీపీ మాత్రలు మానేస్తా ఉండాడని చిన్నమ్మ చెప్పింది, గట్టిగా చెప్పు. పెళ్ళికి మేము రాలేము, చీరకి డబ్బులు వేసినా, నువ్వే మంచిది చూసి తీసుకో. ఆదివారం మీకు సాయంత్రమయ్యేసరికి ఫోన్ చేస్తాము, అప్పటికి వాన పేజీ సగమన్నా అయ్యుంటాది.

నీ కూతురు