డబ్బా మీది కోడ్ ఎందుకు పనిచేయలేదంటే

గత నెలలో మేం అమ్మే కుట్టుమిషన్ బాబిన్ కేసు (కింది దారం కండె పెట్టే గూడు) డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినవాళ్ళకి బిగింపు వీడియో బదులు ఎవరివో ప్రకటనల పేజీ తెరుచుకుంది. మీలో కొందరు ఫోన్ చేసి చెప్పారు. ఒకామె అయితే "మీరు కూడా ఇలాంటివి మొదలుపెట్టారా?" అని నేరుగా అడిగేశారు. సిగ్గేసింది. తప్పు మాదే.

ఆ నలుపు తెలుపు గళ్ళలో వీడియో ఉండదు. ఉండేది ఒక వెబ్ చిరునామా, అంతే. డబ్బాలు అచ్చు వేయించినప్పుడు మేం అందులో మా చిరునామా పెట్టలేదు, కోడ్‌లు తయారుచేసిచ్చే ఒక కంపెనీ చిరునామా పెట్టాం. మీరు స్కాన్ చేస్తే ముందు వాళ్ళ దగ్గరకి వెళ్తుంది, అక్కడి నుంచి వాళ్ళు మా పేజీకి మళ్ళిస్తారు. డైనమిక్ కోడ్ అంటే ఇదే. డబ్బా మీద అచ్చు మార్చకుండానే వెనకున్న పేజీ మార్చుకోవచ్చు, ఎన్నిసార్లు స్కాన్ అయిందో లెక్క కూడా వస్తుంది. కానీ చందా ఆగిన రోజు దారి మళ్ళిపోతుంది. చందా కట్టే తేదీ నేను మర్చిపోయాను. గుర్తుచేస్తూ మెయిల్స్ వచ్చాయి కూడా, అవీ ప్రకటనలే అనుకుని తెరవలేదు. క్యూఆర్ కోడ్‌కి దానంతటదిగా గడువు తీరదు. అసలు చిరునామా అందులోనే ఉంటే అచ్చు చెరిగిపోయేదాకా చదవొచ్చు. గడువు తీరింది మధ్యలో కూర్చున్నవాళ్ళతో మా ఒప్పందానికి.

కొత్తగా అచ్చవుతున్న కోడ్‌లన్నిటిలో మా సొంత వెబ్‌సైట్ చిరునామానే ఉంటుంది. మళ్ళింపు అవసరమైనా మా దగ్గరే జరుగుతుంది.

ఇంత జరిగాక కోడ్‌లే తీసేద్దామని ఇంట్లో మాట వచ్చింది. తీసేయడం లేదు. ఏడాదిపాటు వచ్చిన లెక్కలు చూశాక నా ఆలోచన మారింది. మొదట్లో విజిటింగ్ కార్డు, క్యాలెండరు, బిల్లు, తలుపు పైన బోర్డు, కనిపించిన చోటల్లా కోడ్ అతికించాం. అన్నీ మా వెబ్‌సైట్ మొదటి పేజీకే. చోటుకో వేరే కోడ్ పెట్టాం కాబట్టి ఏది ఎక్కడ స్కాన్ అయిందో తెలిసింది. క్యాలెండరు కోడ్‌ని స్కాన్ చేసింది దాదాపు మేమే. బోర్డు మీదిది ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటారు? ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పుండాలని అచ్చుపనివాళ్ళ లెక్క. మూడు మీటర్ల ఎత్తున అరచేయంత కోడ్ పెట్టి జనం స్కాన్ చేయడం లేదని నేను బాధపడ్డాను.

బాబిన్ కేసు డబ్బా మీదిది మాత్రం వేరు. దాన్నొక్కదాన్నే వీడియోకి కలిపాం, అదీ ఏదో చూద్దాం అన్నట్టు. స్కాన్‌లు ఎక్కువగా రాత్రిపూట వచ్చేవి. అంటే కింద దారం గూడు కట్టేసి, తెల్లారితే బట్టలు ఇవ్వాల్సి ఉండి, అడగడానికి మెకానిక్ లేని వేళ. మేం అమ్మాలనుకున్నప్పుడు ఎవరూ ఫోన్ పైకెత్తలేదు, వాళ్ళ చెయ్యి ఆగిపోయినప్పుడు ఎత్తారు. ఆ వీడియో చూసినవాళ్ళలో కొందరు తర్వాత షటిల్ కోసం, టెన్షన్ స్ప్రింగ్ కోసం మా దగ్గరకే వచ్చారు. నేను డబ్బు పెట్టి వేయించిన ఏ కరపత్రం కూడా ఆ పని చేయలేదు.

తర్వాత తెలిసింది, ఈ కోడ్ పుట్టింది కూడా విడిభాగాల డబ్బాల మీదేనని. 1994లో జపాన్‌లో డెన్సో అనే సంస్థలో మసాహిరో హరా బృందం దీన్ని తయారుచేసింది, కార్ల విడిభాగాలను గుర్తుపట్టడానికి. మామూలు బార్‌కోడ్‌లో ఓ ఇరవై అక్షరాలే పట్టేవి కాబట్టి ఒక్కో పెట్టె మీద చాలా బార్‌కోడ్‌లు ఉండేవి, పనివాళ్ళు ఒక్కొక్కటీ స్కాన్ చేయలేక విసిగిపోయేవాళ్ళు. క్యూఆర్‌లో అంకెలైతే 7,089 దాకా పడతాయి. పేటెంటు ఉన్నా, ప్రమాణం ప్రకారం వాడుకునేవాళ్ళని ఆ సంస్థ డబ్బు అడగలేదు. అందుకే నాలాంటివాడి డబ్బా మీదికి కూడా వచ్చింది. పనివాడి కష్టం తగ్గించడానికి పుట్టినదాన్ని మేం ప్రకటన అనుకుని వాడాం.

అచ్చులో చేసిన తప్పులూ చెప్పేస్తాను. మూలల్లో ఉండే మూడు చదరాలు కెమెరాకి కోడ్ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో చెప్పే గుర్తులు. అందంగా ఉంటుందని వాటిలో ఒకదాని మీద గుండీ బొమ్మ పెట్టించాం. ఆ విడత అట్టలన్నీ పారేశాం. సూదుల ప్యాకెట్ మీద పెద్ద చిరునామా ఇరికించబోతే గళ్ళు మరీ సన్నబడి కొన్ని ఫోన్లు చదవలేకపోయాయి. చిరునామా పొడవు పెరిగేకొద్దీ గళ్ళు పెరుగుతాయి, నిలువూ అడ్డం 21 నుంచి 177 దాకా. ఇప్పుడు చిరునామా కుదించాం, చుట్టూ ఖాళీ అంచు వదిలాం, గోధుమరంగు అట్ట మీద కాకుండా తెల్ల కాగితం మీద నల్లగా వేయించాం. మిషన్ నూనె మరక పడినా చదవగలిగేలా దిద్దుబాటు స్థాయి పై మెట్టులో పెట్టించాం, సుమారు 30 శాతం చెడినా కోడ్ తనని తాను సరిచేసుకుంటుంది.

ఇంకో మాట. కోడ్ వచ్చింది కదా అని డబ్బాలో ఉండే వివరాల కాగితం తీసేశాం. ఖర్చు తగ్గుతుందని, వేరే కారణమేం లేదు. సూది చదునువైపు ఎటు ఉండాలో ఆ కాగితం చూసే బిగించుకునేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారని ఫోన్లు వస్తేగానీ తెలియలేదు. కాగితం మళ్ళీ పెడుతున్నాం. ప్రతి కోడ్ కింద "స్కాన్ చేస్తే బిగింపు వీడియో" అని ఏం వస్తుందో, పక్కన చేత్తో టైపు చేసుకునేలా చిరునామా ఉంటాయి.

స్కాన్ చేస్తే మీ గురించి మాకేం తెలుస్తుందని కూడా అడిగారు. మీ పేరు, నంబరు రావు. ఏ కోడ్, ఏ రోజు, ఏ వేళ, ఏ రకం ఫోన్ అన్నది తెలుస్తుంది. నెట్ కనెక్షన్‌ని బట్టి ఏ ప్రాంతమో ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు, మేం అది రాసి పెట్టుకోం. మా పేజీ ఎప్పుడూ ఓటీపీ గానీ పాస్‌వర్డ్ గానీ అడగదు. కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అతికించి మోసం చేసేవాళ్ళున్నారు, కాబట్టి స్కాన్ చేయగానే ఫోన్ చూపించే చిరునామా, డబ్బా మీద అచ్చయినదీ ఒకటేనా అని చూసి అప్పుడే నొక్కండి.

మా దగ్గర మిగిలిన పాత డబ్బాలన్నిటి మీద పాత కోడ్ కనపడకుండా కొత్త స్టిక్కర్ వేశాం. మీ ఇళ్ళకి చేరినవాటిని మేం ఏమీ చేయలేం. వాటిని స్కాన్ చేయకండి. డబ్బా పక్కన అచ్చయిన ఫోన్ నంబరు మాదే, పనిచేస్తోంది. విడిభాగం నంబరు చెప్తే వీడియో పంపిస్తాను. రాత్రి పదింటిదాకా ఎత్తుతాను.