ఓడ వచ్చేసింది మంత్రిగారూ, కాగితమే ఇంకా రాలేదు

గౌరవనీయులైన కేంద్ర మంత్రివర్యులకు,

నమస్కారాలు. ఎలక్ట్రానిక్ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడెక్కిన సరుకు మీద హక్కు చూపే పత్రం, కాగితం లేకుండా) గురించి మేం పెట్టుకున్న వినతిపత్రాలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తిరిగి తిరిగి అలిసిపోయాయి. ఓడలు మావే గానీ కంప్యూటర్లు మావి కావని ఒకరు, కంప్యూటర్లు మావే గానీ ఓడలతో మాకేం పని అని ఇంకొకరు. ఏ శాఖ మంత్రిగారికి రాయాలో తేలకే ఇలా బహిరంగంగా రాస్తున్నాం.

పద్ధతి తమకు తెలియనిది కాదు. సరుకు ఓడెక్కాక షిప్పింగ్ లైన్ సాధారణంగా ఈ బిల్లుకు మూడు ఒరిజినల్స్ ఇస్తుంది. ఏ ఒక్కటి చూపినా సరుకు ఇచ్చేయాలి, మిగతా రెండూ చెల్లవు. అందుకే బ్యాంకు మూడూ తన చేతికి వస్తే తప్ప కదలదు. ఎగుమతిదారు వెనక ఎండార్స్ చేసి (హక్కు బదిలీ చేస్తూ సంతకం పెట్టి) ఇక్కడి బ్యాంకుకు ఇస్తే, అది కొరియర్‌లో అక్కడి బ్యాంకుకు పంపాలి. వాళ్లు పరిశీలించాలి, కొనుగోలుదారు డబ్బు కట్టాలి, ఒరిజినల్ తీసుకెళ్లి లైన్ దగ్గర డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల చీటీ) పుచ్చుకోవాలి. దగ్గరి రేవులకైతే ఈలోపే ఓడ చేరిపోతుంది. కంటైనర్ యార్డులో కూర్చుంటుంది, డెమరేజ్ (సరుకు తీసుకెళ్లడం ఆలస్యమైనందుకు రుసుము) నడుస్తూ ఉంటుంది. ఎండార్స్‌మెంట్‌లో ఒక్క అక్షరం తేడా ఉందని బ్యాంకు వెనక్కి పంపితే కొరియర్ ప్రయాణం మళ్లీ మొదలు.

దీనికి విరుగుళ్లు లేవా అంటే ఉన్నాయి. టెలెక్స్ రిలీజ్ చేయించవచ్చు, అంటే ఒరిజినల్స్ ఇక్కడే లైన్‌కు అప్పగిస్తే అక్కడ కాగితం అడక్కుండా సరుకు ఇస్తారు. కానీ ఒరిజినల్స్ ఇక్కడే సరెండర్ చేస్తే బ్యాంకు చేతిలో పూచీ ఏం మిగిలింది? లేదంటే బ్యాంకు పూచీతో ఇండెమ్నిటీ (నష్టమొస్తే భరిస్తామనే హామీ) రాసిచ్చి సరుకు విడిపించుకోవచ్చు. ఆ పూచీకి కమీషన్ వేరే.

ఇక అసలు సంగతి. 2000 నాటి ఐటీ చట్టం తాను ఐక్యరాజ్యసమితి ఎలక్ట్రానిక్ వాణిజ్య నమూనా చట్టాన్ని అనుసరించానని పీఠికలోనే చెప్పుకుంటుంది. ఆ 1996 నమూనాలో 16, 17 అధికరణాలు సరుకు రవాణా పత్రాల గురించే. ఒక హక్కు ఒక్కరికే దక్కాలంటే ఎలక్ట్రానిక్ పత్రం ఒక్కటే ఉందని నమ్మదగిన పద్ధతిలో తేలాలని 17 చెబుతుంది. మనవాళ్లు మిగతాదాంట్లో చాలావరకు తెచ్చుకుని సరిగ్గా ఈ రెండూ అక్కడే వదిలేశారు. 4వ సెక్షన్‌తో రాతపూర్వకం అయింది, 5తో సంతకం అయింది. చేతిలో ఉండటం మాత్రం ఏ సెక్షన్‌తోనూ కాలేదు. ఫైలుకు లక్ష నకళ్లు తీయవచ్చు, మరి బిల్లు ఎవరి చేతిలో ఉన్నట్టు?

2017లో ఐక్యరాజ్యసమితి దీనికోసమే ఇంకో నమూనా ఇచ్చింది. పత్రం మీద నియంత్రణ ఎవరిదో వారి చేతిలోనే అది ఉన్నట్టు, అంతే. సింగపూర్ 2021లో, బ్రిటన్ 2023లో ఆ దారిన చట్టాలు చేసుకున్నాయి. మనం 1856 నాటి చట్టాన్ని తీసేసి 2025లో కొత్త బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం తెచ్చాం. భాష తేలికైంది, సంతోషం. ఎలక్ట్రానిక్ బిల్లు చేతులు మారడం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టేటప్పుడు కూడా కరెంటు తీగ వేయలేదన్నమాట.

ఎలక్ట్రానిక్ బిల్లులు నడిపే ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలు ఉన్నాయిగా అంటారు. అవి నడిచేది సభ్యుల ఒప్పందం మీద. సభ్యుడు కాని, అప్పిచ్చినవాడో దివాలా అధికారో వస్తే ఆ ఒప్పందం వాళ్లనెలా కట్టేస్తుంది? పైగా గొడవ కోర్టుకెక్కితే, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. పార్ట్ ఏ, నిపుణుడి పార్ట్ బి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు). సర్వరేమో విదేశంలో. అక్కడినుంచి సంతకం ఎవరు తెచ్చిపెడతారు?

స్టాంపు సంగతీ చూడండి. సెట్టుగా రాస్తే ప్రతి భాగానికీ స్టాంపు ఉండాలంటుంది స్టాంపు చట్టం. భాగాలే లేని ఎలక్ట్రానిక్ బిల్లుకు ఎన్ని అంటించాలో ఏ అధికారీ రాసివ్వడు.

2022లో ఐటీ చట్టం మొదటి షెడ్యూల్ సవరించి, రిజర్వ్ బ్యాంకు వంటి నియంత్రణ సంస్థల కింద ఉన్నవాళ్ల పేర డిమాండ్ ప్రామిసరీ నోట్లను (అడగ్గానే చెల్లిస్తామనే పత్రాలు), బిల్స్ ఆఫ్ ఎక్స్ఛేంజ్‌ను (ఫలానావారికి చెల్లించమనే ఆదేశ పత్రాలు) ఎలక్ట్రానిక్‌గా అనుమతించారు. ఒక్క నోటిఫికేషన్‌తో అయిపోయింది. అంటే తలుచుకుంటే అవుతుంది. మేం అడిగేది ఒక సెక్షన్: నియంత్రణే స్వాధీనం అని. దాంతోపాటు కాగితం నుంచి ఎలక్ట్రానిక్‌కు, తిరిగి కాగితానికి మార్చుకునే వీలు, స్టాంపు మీద స్పష్టత. దయచేసి, ఇది ఏ శాఖ పనో ముందు అదైనా తేల్చండి. తేలిన రోజే వినతిపత్రం మళ్లీ పంపుకుంటాం. కావాలంటే మూడు ఒరిజినల్స్, ప్రతిదాని మీదా స్టాంపుతో.

ఇట్లు,
ఎగుమతి పత్రాల పనిలో ఉన్నవాళ్లం