చూపులేని విద్యార్థికి ‘అను’ ఫాంట్ నోట్సా?

సంపాదకులకు,

విశ్వవిద్యాలయాల్లో దివ్యాంగ విద్యార్థులకు అన్ని సదుపాయాలూ ఉన్నాయని పది రోజుల కిందట మీ పత్రికలో వార్త వచ్చింది. ర్యాంపు ఫొటో వేశారు. ఆ ర్యాంపు ఎక్కి లోపలికొచ్చిన పిల్లలకు చదువుకోడానికి ఏమిస్తున్నామో కూడా అడిగి ఉండాల్సింది.

తెలుగు మాధ్యమంలో ఎం.ఏ. చదివే అంధ విద్యార్థులకు తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడరే ఆధారం. అది ఉచితం, తెలుగూ చదువుతుంది. కాకపోతే పాఠం యూనికోడ్‌లో, అంటే కంప్యూటరు తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే గుర్తించే పద్ధతిలో ఉండాలి. మన విభాగాల్లో ఏళ్ల తరబడి నోట్సు, దూరవిద్య పాఠాలు ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలోనే డీటీపీ చేయిస్తున్నారు. తెర మీద చక్కటి తెలుగే కనిపిస్తుంది. ఫైలు లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. అందుకే ఇయర్‌ఫోన్‌లో విద్యార్థికి వినిపించేది పాఠం కాదు, డాలరు, బ్రాకెట్టు, బి, స్టారు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అదీ ఉండదు. అది ఉత్త బొమ్మ. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేద్దామంటే మసకబారిన జెరాక్సులో ఒత్తులు ఎగిరిపోతాయి, ద, ధ, థ కలిసిపోతాయి.

దీనికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. అను మూల ఫైలు పారేయకుండా ఉంటే కన్వర్టర్‌తో నిమిషాల్లో యూనికోడ్‌లోకి వస్తుంది. ఆ తర్వాత ఒకరు కూర్చుని సరిచూడాలి. మధ్యలో వచ్చే ఇంగ్లిషు మాటలు తెలుగు ముక్కలుగా మారిపోయి ఉంటాయి, అసలు తప్పులన్నీ అక్కడే. శీర్షికలను బోల్డు చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ పెడితే, ఆ పాఠాన్ని వెబ్ పేజీగా ఇచ్చినప్పుడు విద్యార్థి హెచ్ మీట నొక్కుతూ కావలసిన భాగానికి నేరుగా వెళ్లగలుగుతాడు. ఇది తెలిసిన ఉద్యోగులు ప్రతి విశ్వవిద్యాలయంలో ఉన్నారు. వాళ్లను అడిగేవాళ్లే లేరు.

పరీక్షలదీ ఇదే తీరు. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లో కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. స్క్రైబును, అంటే విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసే మనిషిని, రెండు రోజుల ముందే కలిసి చూసుకునే వీలుండాలని, భాషా పేపర్లకు వేరే స్క్రైబును తీసుకోవచ్చని కూడా అవే చెప్పాయి. అనుమతి కాగితం పరీక్ష ముందురోజు సాయంత్రం చేతికొస్తే ఆ రెండు రోజులు ఎక్కణ్నుంచి వస్తాయి? ఛందస్సు ప్రశ్నకు గురులఘువులు గుర్తించడం రాని స్క్రైబు దొరికితే ఆ మార్కులు ఎవరు ఇస్తారు?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 5 శాతం సీట్లు ఇచ్చింది. సీటు ఇచ్చి పుస్తకం ఇవ్వకపోతే ఎలా? విద్యాసంస్థల ప్రమాణాలు పరిశీలించే నాక్ బృందం వస్తుందంటే రాత్రికి రాత్రి ర్యాంపులకు రంగులు పడతాయి. వాలు ఎవరూ కొలవరు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు, అంటే 1:12 లెక్కన 2 అడుగుల ఎత్తుకు 24 అడుగుల ర్యాంపు కావాలి. పది అడుగుల్లో కట్టేస్తే వెనక నుంచి ఎవరైనా నెట్టనిదే చక్రాల కుర్చీ పైకెక్కదు.

వచ్చే సెమిస్టరు పాఠాలు టైపింగుకు వెళ్లే సమయమిది. యూనికోడ్‌లో లేని ఫైలుకు డీటీపీ బిల్లు చెల్లించబోమని రిజిస్ట్రార్లు ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వాలి.

– ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగి, హైదరాబాద్