విశాఖ కలెక్టర్ గారికి: కంటైనర్ ఇల్లు కావాలంటే ముందు పునాది

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

తీరప్రాంత పేదలకు పాత కంటైనర్లతో ఇళ్లు కట్టించే ఆలోచన ఉంటే, టెండర్ పిలిచేముందు ఈ మాటలు చూడండి.

ఉక్కు పెట్టె కదా, గాలికి కదలదనుకోవద్దు. 40 అడుగుల హై క్యూబ్ (మామూలు దానికన్నా ఎత్తైన కంటైనర్) ఖాళీ బరువు సుమారు 4 టన్నులే. 2014 హుద్‌హుద్ తుపాను నాటి గంటకు 180 కిలోమీటర్ల గాలి దాని పొడుగు గోడ మీద 5 టన్నులకు పైగా నెడుతుంది. కట్టేయకపోతే బోర్లా పడుతుంది. అందుకే నాలుగు మూలల కింద కాంక్రీటు దిమ్మెలు వేసి, వాటిలో ఇనుప ప్లేట్లు పాతి, ఆ ప్లేట్లకు కంటైనర్ మూల కాస్టింగులను (మూలల్లో ఉండే దళసరి ఉక్కు ముక్కలు) వెల్డింగ్ చేయాలి. దిమ్మె బరువే ఇంటిని పట్టి ఉంచేది. అక్కడ సిమెంటు మిగుల్చుకోవద్దు.

గోడ రేకు మందం 2 మిల్లీమీటర్లకు మించదు, బలమంతా దాని ముడతల్లో ఉంది. కిటికీ కోసిన చోటల్లా చుట్టూ బాక్స్ సెక్షన్ (బోలుగా ఉండే చదరపు ఉక్కు గొట్టం) ఫ్రేము వెయ్యాలి. లేకపోతే పైకప్పు కుంగి, నీళ్లు నిలిచి, తుప్పు అక్కడే మొదలవుతుంది.

నేల ప్లైవుడ్‌కు సాధారణంగా పురుగుమందు పట్టించి ఉంటుంది. ఏ మందు వాడారో తలుపు మీది ప్లేటు చదివి, అనుమానముంటే ఆ ప్లైవుడ్ పీకేయించండి.

వేడి ఆపడానికి 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (మధ్యలో ఫోమ్ నింపిన పలక) బయటివైపే బిగించాలి. లోపలి వెడల్పు ఎనిమిది అడుగులు కూడా ఉండదు, ప్యానెల్ లోపల బిగిస్తే మంచం వేశాక నడవడానికి చోటు ఇంకా తగ్గుతుంది.

ఇట్లు,
స్ట్రక్చరల్ ఇంజనీర్లు, ఫ్యాబ్రికేటర్లు