వార్షిక నివేదిక: మనూ రోడ్డు పక్షి పరిశీలన యాత్ర

సభ్యులకు నమస్కారం. నెలవారీ చెరువు నడకలు, శీతాకాలపు నీటిపక్షుల లెక్క ఈ ఏడాదీ ఆగకుండా జరిగాయి. ఆ జాబితాలు ఇప్పటికే అందరికీ చేరాయి. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు పెరూలోని మనూ రోడ్డుకే ఇస్తున్నాం. రెండో జట్టు వెళ్ళేలోపు తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి.

ఈ దారి 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కోలో మొదలై, సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న అక్హనాకో కనుమ దాటి, అతలాయా రేవు దగ్గర 500 మీటర్లకు దిగుతుంది. అమెజాన్ మైదానం నుంచి వచ్చే తేమగాలి ఆండీస్ తూర్పు వాలుకు తగిలి పైకెక్కుతూ చల్లబడి మబ్బు కడుతుంది. కొన్ని వందల మీటర్లు దిగితే చాలు, అడవి మారుతుంది, పక్షులూ మారతాయి. కాబట్టి రోజులను కిలోమీటర్ల లెక్కన కాక ఎత్తు లెక్కన పంచాలి. వాయికెచా (సుమారు 2,900 మీటర్లు), సాన్ పెద్రో (సుమారు 1,400 మీటర్లు), నది ఒడ్డు: ఒక్కోచోట కనీసం రెండు రాత్రులు. ఒక్క రోజులో దిగిపోతే మధ్య ఎత్తుల పక్షులు పూర్తిగా తప్పిపోతాయి.

హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లే. అక్కడి నుంచి వెళ్ళి నేరుగా కుస్కోలో పడుకుంటే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి రావచ్చు. మొదటి రెండు రాత్రులు కిందనున్న ఒల్లాంతైతాంబోలో (2,800 మీటర్లు) ఉండడం మేలు. ఎత్తువల్ల వచ్చే ఈ ఇబ్బందులకు వాడే అసెటజోలమైడ్ మందును డాక్టరు చెబితేనే వాడాలి, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. తర్వాత వాకర్పాయ్ అనే సరస్సు చుట్టూ నెమ్మదిగా నడవచ్చు. పూనా ఐబిస్ పక్షి అక్కడ కనిపిస్తుంది. పెరూలో తప్ప మరెక్కడా లేని బియర్డెడ్ మౌంటెనీర్ అనే హమ్మింగ్‌బర్డ్ కోసం పసుపు గొట్టాల్లాంటి పూలున్న చెట్టు పొగాకు (ట్రీ టొబాకో) మొక్కల దగ్గర నిలబడాలి.

మబ్బుల అడవిలో మధ్యాహ్నానికి పొగమంచు కమ్ముకోవచ్చు, కాబట్టి అసలు పని ఉదయమే. టానేజర్లు, ఫ్లైక్యాచర్లు కలిసిన గుంపు కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది. అందరూ ఒకే పక్షి వెంట పడితే మిగతావి పోతాయి. కొమ్మల చివర్లు ఒకరు, కాండాలు ఒకరు, పొదలు ఒకరు చూడాలి. తెల్లని మబ్బు ముందు పక్షి ఫొటోలో నల్లగా పడుతుంది, కెమెరాలో ఎక్స్‌పోజరు ఒక స్టాపు పెంచండి. పెరూ జాతీయపక్షి ఆండియన్ కాక్-ఆఫ్-ద-రాక్ మగపక్షులు ఆడపక్షుల కోసం గుమిగూడి ఆడే చోటికి వెలుగు రాకముందే చేరాలి. ఆలస్యంగా వెళ్తే అవి చెదిరిపోతాయి. ఫ్లాష్ వద్దు. పిలుపు రికార్డులను పదేపదే వినిపించడం ఇంకా వద్దు: గూడు, తిండి వదిలి పక్షి ఆ శబ్దం వెంటే తిరుగుతుంది.

పల్లంలో తేమవల్ల లెన్సులకు బూజు పడుతుంది. రాత్రి బైనాక్యులర్లను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచండి. మే నుంచి ఆగస్టు దాకా దక్షిణపు చలిగాలి అప్పుడప్పుడు ఇక్కడికీ వస్తుంది, ఒక స్వెటరు ఉండాలి. డిసెంబరు–మార్చి వానల్లో కొండచరియలు విరిగి దారి మూసుకుపోవచ్చు.

నది వదిలేసిన పాత మలుపుల్లోని సరస్సుల్లో హోత్సిన్‌ను పడవలోంచి చూడాలి. ఆకులను గొంతుసంచిలో పులియబెట్టుకుని అరిగించుకునే పక్షి అది. బంకమట్టి గట్ల దగ్గర ముందు చిన్న చిలుకలు, తర్వాత మకావ్‌లనే పెద్ద చిలుకలు దిగుతాయి. సముద్రానికి దూరమైన అడవిలో వాటికి సోడియం ముఖ్యంగా దొరికేది ఆ మట్టిలోనే. గద్ద కనిపించినా, పడవ మోటారు మోగినా అన్నీ లేచిపోతాయి, కాబట్టి మాట్లాడకుండా కూర్చోవాలి.

పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. పెరూ నుంచి ఆరు రోజుల్లోపు మనదేశం చేరేవాళ్ళ దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో ఉంచుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) టీకా వేస్తారు. అరవై దాటినవారు, గుడ్డు పడనివారు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా మొత్తం రోడ్డుకు ఒకటే రాయకండి. ఎనిమిది కిలోమీటర్లు మించకుండా ముక్కలు చేసి, ప్రతిదానికీ ఎత్తు రాయండి. మనూకు పక్కనే ఉన్న పాంతియకోయా గట్టుపై 1985లో చూసిన పక్షులను 2017లో మళ్ళీ లెక్కిస్తే చాలా జాతులు పైకి జరిగాయని, శిఖరం దగ్గరివి కొన్ని కనిపించకుండా పోయాయని తేలింది. ఎత్తు లేని జాబితా ఇలాంటి పోలికకు పనికిరాదు. మొదటి జట్టు సభ్యులు తమ జాబితాల్లో ఎత్తులు సరిచూసి కార్యదర్శికి పంపగలరు.