నాన్నగారికి లండన్ నుంచి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

ఇక్కడ నేను క్షేమం. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. మోకాలి గుజ్జు అరిగిపోయిందని డాక్టరు చెప్పినా మీరు రోజూ పొలం గట్ల మీద తిరుగుతున్నారని అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఫుట్‌బాల్ ఆటగాడు లెడ్లీ కింగ్ గుర్తుకు వస్తున్నాడు. నా గది గోడ మీద తెల్ల జెర్సీలో ఉన్నది ఎవరని అడిగారు కదా, ఆయనే.

తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో పుట్టి, 1999లో లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ తరఫున తొలి మ్యాచ్ ఆడి, 2012లో 31 ఏళ్లకే ఆట విరమించేదాకా మరో క్లబ్బు గడప తొక్కని డిఫెండరు, అంటే ఎదుటివాళ్లను గోలు కొట్టకుండా అడ్డుకునే ఆటగాడు. ఎడమ మోకాలిలో గుజ్జు దాదాపు లేకుండా పోవడంతో మ్యాచ్ ముగిశాక కాలు వాచిపోయేది. అందువల్ల తోటివాళ్లు వారమంతా మైదానంలో సాధన చేస్తుంటే ఆయన ఈతకొలనులోనూ జిమ్‌లోనూ గడిపి, ఆట రోజున మాత్రమే జట్టుతో దిగేవాడు. ఆ కాలితోనే 2008లో వెంబ్లీ స్టేడియంలో మరో లండన్ క్లబ్బు చెల్సీని 2-1తో ఓడించి, కెప్టెన్‌గా లీగ్ కప్ అందుకున్నాడు. అంతకుముందు 2006 నవంబరులో అదే చెల్సీ ఆటగాడు రాబెన్ గోలు వైపు ఒంటరిగా దూసుకుపోతుంటే, వెనక నుంచి పరుగెత్తి అందుకుని ఫౌల్ లేకుండా బంతిని లాగేసిన ఆ ఒక్క ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

2010 ప్రపంచ కప్‌లో అమెరికాతో తొలి మ్యాచ్‌లో సగం ఆటకే గజ్జల దగ్గర గాయమై బయటికి వచ్చేశాడు. అంతటివాడు ఇంగ్లండ్‌కు ఆడినవి 21 మ్యాచ్‌లేనంటే నా మనసు ఒప్పదు.

చలిలో స్టేడియాల వెంట తిరిగి జ్వరం తెచ్చుకుంటానని అమ్మ బెంగ. టికెట్ల ధరలకు భయపడి ఎక్కువగా టీవీలోనే చూస్తున్నానని, వెళ్లినప్పుడు స్వెటరు మరచిపోవడం లేదని చెప్పండి.

పొలం మానేయమని నేను అనను, అన్నా మీరు వినరు. నీళ్లు పెట్టే రోజున మాత్రం వెళ్లి, మిగిలిన రోజుల్లో చిన్నాన్నను పంపండి. ఎక్స్‌రే ఫోటోను తమ్ముడిచేత వాట్సాప్‌లో పంపించండి. ఆపరేషను అవసరమంటే ఖర్చు సంగతి నాకు వదిలేయండి. భూమి తాకట్టు మాట మళ్లీ ఎత్తవద్దు.

మీ పెద్దబ్బాయి