టికెట్ మూసేశారు, ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు

కస్టమర్ సపోర్ట్ విభాగాధిపతి గారికి,

నమస్కారం. ఆరేళ్లుగా మా ఆఫీసులో మీ రిమోట్ సపోర్ట్ సాఫ్ట్‌వేరే వాడుతున్నాం. వేరే బ్రాంచిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నేను ఇక్కడి నుంచే సరిచేసేవాణ్ణి. మూడు వారాల క్రితం ఫైర్‌వాల్ (మా నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయే ట్రాఫిక్‌కు కాపలా కాసే పరికరం) మార్చాం. అప్పటి నుంచి కనెక్షన్ కలవడం లేదు. దానికి నాకు కోపం లేదు. కొత్త ఫైర్‌వాల్ పెట్టినప్పుడు ఇలాంటివి జరుగుతాయి.

కోపమంతా మీ సపోర్ట్ మీదే. మొదట మాట్లాడినాయన కంప్యూటర్ రీస్టార్ట్ చేయమన్నారు. చేశానని చెప్పినా వినలేదు, ఆయన లైన్లో ఉండగానే మళ్లీ చేయించారు. రెండోసారి ఫోన్ ఎత్తినావిడకు నా టికెట్ (ఫిర్యాదు) నంబర్ చెప్పినా కథంతా మొదటి నుంచి అడిగి, చివరికి ఫైర్‌వాల్ పూర్తిగా ఆపేయమన్నారు. ఆపితే కనెక్ట్ అవుతుందని నాకూ తెలుసు. కానీ దాని వెనక మా వాళ్ల జీతాల లెక్కలు, కస్టమర్ల వివరాలు ఉన్నాయి.

మూడో వ్యక్తి పంపిన మెసేజ్ చూసి భయమేసింది. రౌటర్‌లో 3389 పోర్టును, అంటే కనెక్షన్లు వచ్చే ఆ నంబరు ద్వారాన్ని, ఇంటర్నెట్‌కు తెరవమన్నారు. అది దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, మీ సాఫ్ట్‌వేర్‌ది కాదు. మీ ప్రోగ్రామ్ లోపలి నుంచే మీ సర్వర్‌కు కనెక్ట్ అవుతుంది, బయటి నుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. 3389 తెరిచి ఉన్న మెషీన్ల కోసం పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. అంత ప్రమాదం. విషయం తెలియని వాళ్లెవరైనా ఆ సలహా పాటిస్తే ఆ నష్టానికి బాధ్యులెవరు?

కనెక్షన్ కలవకపోవడానికి కారణం చివరికి నేనే లాగ్స్‌లో (కనెక్షన్ల రికార్డుల్లో) పట్టుకున్నాను. ఎన్‌క్రిప్టెడ్ (సంకేతాల్లోకి మార్చిన) వెబ్ ట్రాఫిక్ బయటికి వెళ్లే 443 పోర్టు తెరిచే ఉంది. అయితే కొత్త ఫైర్‌వాల్ ఆ ట్రాఫిక్‌ను విప్పి చూసి, మీ సర్వర్ సర్టిఫికెట్ (గుర్తింపు పత్రం లాంటిది) బదులు తన సొంతది పెట్టి పంపుతోంది. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మక కనెక్షన్ తెంచేస్తోంది. మీ సర్వర్లకు ఆ తనిఖీ నుంచి మినహాయింపు ఇస్తే చాలు. అందుకు మీ సర్వర్ల పేర్లు కావాలి. ఇదంతా రాసి, లాగ్స్ జతచేసి నాలుగు మెయిళ్లు పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు. నిన్న మాత్రం ‘మీ నుంచి స్పందన రాలేదు కాబట్టి టికెట్ మూసివేశాం’ అని మెయిల్ వచ్చింది. అది చదివాక ఆఫీసులో కాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

అనుమతించాల్సిన సర్వర్ల పేర్లు, పోర్టుల జాబితా విషయం తెలిసిన ఇంజనీర్ చేత రాతపూర్వకంగా పంపించండి. శుక్రవారం లోపు రాకపోతే వచ్చే నెల లైసెన్స్ రెన్యూ చేయం. 3389 తెరవమన్న మెసేజ్‌తో సహా అన్నీ దాచాను, వాటితో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్